ఫైలు పోయింది, జాగా మాత్రం రాలేదు: ఒక మెయిన్‌ఫ్రేమ్ కేస్ స్టడీ

జూన్ 30 దాటి జులై 1లోకి వచ్చిన రాత్రి, 2:40కి ఫోన్ మోగింది. నెలాఖరు రాత్రుల్లో ఫోన్ దిండు పక్కన పెట్టుకుని పడుకోవడం నాకు అలవాటు. చేసింది రుషికొండ ఐటీ హిల్ మీద మా ఆఫీసులో నైట్ షిఫ్ట్‌లో ఉన్న అమ్మాయి. టెక్కలి నుంచి వచ్చింది. మా టీమ్‌లో చేరి అప్పటికి ఏడు నెలలు.

"సార్, లెడ్జర్ మెర్జ్ జాబ్ పడిపోయింది. స్లాష్ టెంప్ నిండిపోయిందంటోంది. అందులో పెద్ద ఫైలు ఒకటి కనబడితే రన్‌బుక్ ప్రకారం తీసేశాను. ఫైలు పోయింది గానీ జాగా రాలేదు సార్. ఏటవుతోందో అర్థం కావట్లేదు."

స్లాష్ టెంప్ అంటే ప్రోగ్రాములు తాత్కాలిక ఫైళ్లు పెట్టుకునే చోటు. రన్‌బుక్ అంటే ఏ సమస్యకు ఏం చేయాలో రాసి పెట్టుకున్న పుస్తకం. మేము చూసేది అమెరికాలోని ఒక ఇన్సూరెన్స్ సంస్థ మెయిన్‌ఫ్రేమ్, అంటే పెద్ద సంస్థల లెక్కలు నడిపే భారీ కంప్యూటర్. మనకు తెల్లవారుజాము 2:40 అంటే వాళ్ల తూర్పు తీరంలో సాయంత్రం 5:10. ఆఫీసు కట్టేశాక నెలాఖరు బ్యాచ్, అంటే వరసగా నడిచే జాబుల గుంపు, మొదలవుతుంది. ఆ మెర్జ్ జాబ్ అవకపోతే దాని వెనకున్న ముప్పై చిల్లర జాబులు కదలవు. మన లెక్కలో 4:30 లోపు అది అయిపోవాలి. ఎండాడలో మా ఇంటి హాల్లో లైటు వేసుకుని, ల్యాప్‌టాప్ తెరిచి వీపీఎన్‌లోకి వెళ్లాను.

జాబ్ లాగ్‌లో మెసేజ్ స్పష్టంగా ఉంది: ఈడీసీ5133ఐ, డివైస్‌లో జాగా లేదు. జాబ్ బీపీఎక్స్‌బ్యాచ్ అనే ప్రోగ్రాం ద్వారా ఒక షెల్ స్క్రిప్టును, అంటే యూనిక్స్ కమాండ్ల జాబితాను, నడుపుతుంది. ఆ స్క్రిప్టులోని సార్ట్ కమాండ్ తన పని ఫైళ్లను స్లాష్ టెంప్‌లో రాసుకుంటుంది. మెయిన్‌ఫ్రేమ్ అంటే కోబాల్, జేసీఎల్ మాత్రమే అనుకునేవాళ్లకు ఒక మాట చెప్పాలి. 1990ల్లోనే ఓపెన్‌ఎడిషన్ పేరుతో ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ లోపల యూనిక్స్‌ను పెట్టింది. ఇవాళ జెడ్/ఓఎస్ అని పిలిచే ఆ సిస్టమ్‌లో జావా, ఎస్ఎస్‌హెచ్, వెబ్ సర్వర్లు అన్నీ ఆ యూనిక్స్ వైపే నడుస్తాయి. అది ఆగితే బ్యాచ్ కూడా ఆగుతుంది.

"డీఎఫ్ కొట్టి చూడమ్మా, ఎంత నిండింది?" అని అడిగాను.

"11 శాతమే చూపిస్తోంది సార్. అందుకే ఇంకా అయోమయంగా ఉంది."

11 శాతం నిండిన చోట జాగా లేదన్న ఎర్రర్ ఎలా వస్తుంది? అడిగితే తెలిసింది, తను లాగిన్ అయింది ఒక సిస్టమ్‌లో, జాబ్ నడిచింది పక్క సిస్టమ్‌లో. మా దగ్గర రెండు సిస్టమ్‌లు ఒకే సిస్‌ప్లెక్స్‌లో, అంటే కలిసి పనిచేసే సిస్టమ్‌ల గుంపులో, ఉన్నాయి. ఫైల్ సిస్టమ్ షేరింగ్ పెట్టిన చోట స్లాష్ టెంప్ నిజానికి ఒక సింబాలిక్ లింక్. ఏ సిస్టమ్ నుంచి చూస్తే ఆ సిస్టమ్ పేరు మీదున్న టెంప్‌కి తీసుకెళ్తుంది. పేరు ఒకటే, చోట్లు రెండు. అదృష్టవశాత్తు ఆ అమ్మాయి ఫైలు తీసేసింది సరైన సిస్టమ్‌లోనే. జాబ్ లాగ్ చూసి అటు వెళ్లి తీసేసింది. తర్వాత డీఎఫ్ కొట్టిన స్క్రీన్ మాత్రం వేరేది. ఇద్దరం సరైన సిస్టమ్‌లో కూర్చునేసరికి 2:55 అయింది.

అక్కడ చూసిన అంకెలు నా నోట్‌బుక్‌లో అలాగే ఉన్నాయి. డీఎఫ్ ప్రకారం మొత్తం 5,12,000 కిలోబైట్లు, అంటే 500 ఎంబీ. వాడినది 5,06,096. మిగిలింది 5,904. అంటే 99 శాతం. అదే చోట డీయూ కొట్టి మొత్తం ఎంత వస్తుందో చూస్తే 41,200 కిలోబైట్లు.

ఈ కేసంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది. ఒకే డైరెక్టరీని ఒక కమాండ్ 506 వేలు అంటోంది, ఇంకో కమాండ్ 41 వేలు అంటోంది. తేడా 4,64,896 కిలోబైట్లు, సరిగ్గా 454 ఎంబీ. ఆ 454 ఎంబీ ఎక్కడో ఉంది, కానీ దానికి పేరు లేదు.

ఎందుకంటే ఆ రెండు కమాండ్లూ లెక్కపెట్టేవి వేర్వేరు. డీయూ పేర్లు పట్టుకుని నడుస్తుంది. డైరెక్టరీలో కనిపించిన ప్రతి ఫైలు దగ్గరికీ వెళ్లి, నీది ఎంత అని అడిగి కూడుతుంది. డీఎఫ్ పేర్ల జోలికి పోదు. నేరుగా ఫైల్ సిస్టమ్‌నే ఎన్ని బ్లాకులు (జాగా ముక్కలు) వాడకంలో ఉన్నాయని అడుగుతుంది. మామూలుగా రెండూ దగ్గర దగ్గరగా వస్తాయి. ఇంత తేడా వచ్చిందంటే, పేరు పోయినా ఫైలు బతికే ఉందన్నమాట.

యూనిక్స్‌లో ఆర్ఎం కమాండ్ చేసేది డైరెక్టరీలోంచి పేరు కొట్టేయడం మాత్రమే. ఆ ఫైలును ఎవరైనా తెరిచి పట్టుకుని ఉంటే, వాళ్లు వదిలేదాకా బ్లాకులు వాళ్లవే. గుమ్మం మీద నేమ్ బోర్డు పీకేసినంత మాత్రాన అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేసినట్టు కాదు. పైగా ఇప్పుడు బోర్డు కూడా లేదు కాబట్టి ఏ ఇంట్లో ఉన్నాడో కనుక్కోవడం ఇంకా కష్టం. ఆ అమ్మాయి తీసేసిన లాగ్ ఫైలును ఏదో ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, ఇంకా పట్టుకునే ఉంది. పట్టుకోవడమే కాదు, ఇంకా రాస్తూనే ఉంది. డీఎఫ్‌లో మిగిలిన 5,904 కిలోబైట్లు మేము చూస్తుండగానే తగ్గుతున్నాయి.

సరిగ్గా అప్పుడే క్లయింట్ వైపు ఆపరేషన్స్ బ్రిడ్జ్ కాల్, అంటే అందరూ కలిసే ఫోన్ సమావేశం, మొదలైంది. కాల్‌లో రెండు సలహాలు వచ్చాయి. ఇచ్చినవాళ్లు అనుభవం ఉన్నవాళ్లే, టెన్షన్‌లో ఉన్నారు. ఈ రెంటినీ ఎందుకు వద్దన్నానో వివరంగా రాయాలి. ఇలాంటి రాత్రి ఎవరికైనా ముందు తట్టేవి ఇవే.

మొదటిది, స్లాష్ టెంప్‌ను ఇమ్మీడియెట్ ఆప్షన్‌తో అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేయడం, అంటే సిస్టమ్ నుంచి అప్పటికప్పుడు విడదీసి మళ్లీ తగిలించడం. మా స్లాష్ టెంప్ టీఎఫ్ఎస్ రకం, అంటే టెంపరరీ ఫైల్ సిస్టమ్. దీనికి వెనక డిస్కు లేదు, డేటాసెట్ లేదు. అంతా మెమరీలోనే. మా దగ్గర అది ఓఎంవీఎస్ కెర్నల్ (ఆ యూనిక్స్‌కు గుండెకాయ) అడ్రస్ స్పేస్‌లోనే, అంటే దాని మెమరీ జాగాలోనే, నడుస్తోంది. అన్‌మౌంట్ చేశామంటే అందులో ఉన్నదంతా పోయినట్టే, వెనక్కి తేలేం. ఆ క్షణంలో అక్కడ సాకెట్ ఫైళ్లు పెట్టుకున్న డీమన్లు (వెనకాల ఎప్పుడూ నడుస్తుండే ప్రోగ్రాములు), సగం పనిలో ఉన్న ఇతర జాబుల ఫైళ్లు ఉన్నాయి. ఒక జాబ్‌ను బతికించబోయి పది జాబులను పడగొట్టే పని అది.

రెండోది, ఫ్యూజర్ కమాండ్‌ను కే ఆప్షన్‌తో కొట్టి, స్లాష్ టెంప్‌ను పట్టుకున్నవాళ్లందరినీ ఒకేసారి చంపేయడం. ఫ్యూజర్ మంచి కమాండే, మాకు దారి చూపించింది కూడా అదే. కానీ మొత్తం ఫైల్ సిస్టమ్ మీద కే పెట్టి కొడితే దొంగా దొరా తేడా లేకుండా అందరూ పోతారు. చంపే ముందు చూడాలి. అందుకే ఫ్యూజర్‌ను సీ, యూ ఆప్షన్లతో మాత్రమే కొట్టమన్నాను. సీ అంటే ఆ ఫైల్ సిస్టమ్ మొత్తంలో ఏ ఫైలు తెరిచి ఉన్నా చెప్పు అని. యూ అంటే ఏ యూజర్‌దో కూడా చెప్పు అని.

పద్నాలుగు ప్రాసెస్ నంబర్లు వచ్చాయి. ఫైలుకు పేరు లేదు కాబట్టి పేరుతో వెతకలేం. ఇక్కడ పనికొచ్చింది తేదీ. పీఎస్ కమాండ్‌లో ఆ పద్నాలుగు ఎప్పుడు మొదలయ్యాయో చూశాం. తొమ్మిది ఆ రోజు సాయంత్రం మొదలైనవి, బ్యాచ్‌వి. మూడు మనకు తెలిసిన డీమన్లు. మిగిలిన రెండూ మార్చి 30న మొదలయ్యాయి, ఒకటి తండ్రి, ఒకటి బిడ్డ. ఆ సిస్టమ్‌కు చివరిసారి ఐపీఎల్ (సిస్టమ్‌ను మొదటి నుంచి మళ్లీ లేపడం) చేసింది ఆ మార్చి 30 ఆదివారమే. అంటే సిస్టమ్ లేచినప్పటి నుంచి నడుస్తున్న ఒక షెల్ స్క్రిప్ట్, అది పుట్టించిన చిన్న ప్రాసెస్. కమాండ్ కాలమ్‌లో స్క్రిప్టు పాత్ కనబడింది. తెరిచి చూస్తే, ప్రతి 30 సెకన్లకూ నెట్‌వర్క్ కనెక్షన్లు చూపే నెట్‌స్టాట్ కొట్టి ఒక పోర్టు పరిస్థితి ఏమిటో రాసుకుంటోంది. రాసుకునేది ఎక్కడికి? అమ్మాయి తీసేసిన ఆ ఫైలుకే.

అది ఎవరిదో కనుక్కోకుండా ఆపనన్నాను. బ్రిడ్జ్ కాల్‌లో కొంత అసహనం వినబడింది, నిజమే. కానీ నెట్‌వర్క్ టీమ్ ఆన్‌కాల్ మనిషి ఐదు నిమిషాల్లో లైన్లోకి వచ్చాడు. ఫిబ్రవరిలో ఒక కనెక్షన్ మాటిమాటికీ తెగుతుంటే కారణం పట్టుకోవడానికి పెట్టిన స్క్రిప్ట్ అది. సమస్య అప్పుడే తీరిపోయింది. స్క్రిప్ట్‌ను మాత్రం ఎవరూ తీయలేదు. "ఆపేయండి, దాని అవసరం లేదు" అన్నాడు. 3:22కి మామూలు కిల్ కొట్టాం, బలవంతంగా చంపే నైన్ పెట్టకుండా. తండ్రి ప్రాసెస్ మర్యాదగా దిగిపోయింది.

డీఎఫ్ మళ్లీ కొడితే 8 శాతం. వాడినది 41 వేల చిల్లర, డీయూ చెప్పిన అంకెకు దగ్గరగా వచ్చేసింది. ఆ అమ్మాయి "ఇప్పుడు రెండూ కలిశాయి సార్" అంది. నాకు ఆ మాటతోనే అర్థమైంది, ఈ పాఠం తను మర్చిపోదని. జాబ్‌ను పడిన స్టెప్ నుంచి రీస్టార్ట్ చేశాం. 3:58కి మెర్జ్ అయిపోయింది.

ఒక నష్టం మాత్రం మిగిలింది. ఆ 454 ఎంబీ లాగ్‌లో ఏముందో ఇక ఎవరూ చూడలేరు. పేరు పోయిన ఫైలును మా సిస్టమ్‌లో మళ్లీ బయటకు తీసే దారి మాకు లేదు. ఈసారి దానితో పని లేదు కాబట్టి సరిపోయింది. అదే ఆడిట్‌కు కావలసిన లాగ్ అయితే? తెరిచి ఉన్న లాగ్‌ను తగ్గించాలంటే తీసేయకూడదు, ముందు కాపీ తీసుకుని, ఆ ఫైలునే సున్నా చేయాలి. పేరు ఉంటుంది, బ్లాకులు వెనక్కి వస్తాయి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. లాగ్‌ను ఒకే బాణం గుర్తుతో (>) తెరిచి ఉంటే, రాసే ప్రాసెస్ తను ఆగిన చోటు నుంచే రాయడం కొనసాగిస్తుంది. అప్పుడు సైజు మళ్లీ పాత అంకె దగ్గర కనబడి మనల్ని గాభరా పెడుతుంది. రెండు బాణాలతో (>>), అంటే అపెండ్‌గా, ఉన్నదాని చివర చేర్చేలా తెరిచి ఉంటే ఆ గొడవ ఉండదు. ఈ స్క్రిప్టులో ఉన్నది ఒకటే బాణం.

అసలు నన్ను కుదిపింది మర్నాడు చేసిన లెక్క.

ఆ స్క్రిప్ట్ ఒక్కసారికి రాసేది సుమారు 1,800 బైట్లు. 30 సెకన్లకోసారి అంటే రోజుకు 2,880 సార్లు. గుణిస్తే రోజుకు దాదాపు 5 ఎంబీ. మార్చి 30 నుంచి జూన్ 30కి 92 రోజులు. 454 ఎంబీకి లెక్క సరిపోయింది. ఇక మార్చిలోకి వెళ్దాం. మార్చి 24న ఇదే స్లాష్ టెంప్ నిండి ఒక చిన్న జాబ్ పడింది. అప్పుడు టీఎఫ్ఎస్ సైజు 200 ఎంబీ. అంతకుముందు ఐపీఎల్ ఫిబ్రవరి 16న. మధ్యలో 36 రోజులు, రోజుకు 5 చొప్పున 178 ఎంబీ, మిగతా ఫైళ్లు ఓ 20. నిండాల్సిన రోజుకే నిండింది.

అప్పుడు మేమేం చేశాం? పాత చిన్న ఫైళ్లు కొన్ని తీసేసి అప్పటికి నెట్టుకొచ్చాం. ఆదివారం ఐపీఎల్ ముందు యూనిక్స్ సెట్టింగులుండే బీపీఎక్స్‌పీఆర్ఎం మెంబర్‌లో మౌంట్ లైను మార్చి, 200ను 500 చేశాం. సోమవారం చూస్తే స్లాష్ టెంప్ ఖాళీగా, విశాలంగా ఉంది. టికెట్ మూసేశాం. నిజానికి ఆ ఖాళీ సైజు పెంచడం వల్ల వచ్చింది కాదు. ఐపీఎల్‌తో టీఎఫ్ఎస్ తుడిచిపెట్టుకుపోయింది, దానితో పాటు సాక్ష్యం కూడా పోయింది. స్క్రిప్ట్ మాత్రం ఈటీసీ కింద ఉన్న ఆర్‌సీ ఫైలులో కూర్చుని ఉంది. సిస్టమ్ లేవగానే అదీ లేచి మళ్లీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది. మేము దానికి 36 రోజుల బదులు 92 రోజులు ఇచ్చాం, అంతే. ఆ 92వ రోజు వచ్చి నెలాఖరు మీద పడింది.

సైజు పెంచడం తప్పని కాదు. టీఎఫ్ఎస్‌కు సైజు ఇవ్వకుండా వదిలేస్తే డిఫాల్ట్ 1 ఎంబీ మాత్రమే, అది ఎవరికీ చాలదు. కానీ అది డిస్కు కాదు, మెమరీ. కెర్నల్ అడ్రస్ స్పేస్‌లో నడిపితే ఆ కెర్నల్ జాగాలోంచే ఇస్తున్నాం. కారణం తెలియకుండా పెంచుకుంటూ పోతే ఏదో ఒక రోజు ఒక జాబ్‌తో పోయేది కెర్నల్ దాకా వస్తుంది.

స్కల్కర్ ఎందుకు పట్టుకోలేదని క్లయింట్ అడిగాడు. మంచి ప్రశ్న. స్కల్కర్ అనేది పాత ఫైళ్లను ఊడ్చేయడానికి సిస్టమ్‌తో వచ్చే నమూనా స్క్రిప్ట్. మేము దాన్ని క్రాన్‌లో (వేళకు పనులు నడిపే ఏర్పాటులో) రోజూ రాత్రి నడుపుతాం. అది చూసేది ఫైలును ఎన్ని రోజులుగా ఎవరూ ముట్టుకోలేదని. ఈ లాగ్‌ను 30 సెకన్లకోసారి ముట్టుకుంటూనే ఉన్నారు. స్కల్కర్ కంటికి అది ఎప్పుడూ కొత్త ఫైలే. ఒకవేళ పాతదనుకుని తీసేసినా, ఆ అమ్మాయికి జరిగిందే జరిగేది.

ఇక రన్‌బుక్ సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊరంతా కరెంటు లేక, ఫోన్లు పలక్క ఎలా ఉండేదో వైజాగ్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అప్పుడు మా పని వేరే ఊరి టీమ్‌కు అప్పగించాల్సి వచ్చింది. మా తలల్లో ఉన్నది కాగితం మీద లేదని ఆ వారంలోనే తెలిసింది. తర్వాతి ఏడాది నేనే కూర్చుని రన్‌బుక్ రాశాను. దాన్ని ప్రింట్ తీసి ఇప్పటికీ షిఫ్ట్ డెస్క్ మీద పెడతాం. అందులో 31వ పేజీలో నా చేత్తో రాసిన లైను: "స్లాష్ టెంప్ నిండితే అందులోని పెద్ద ఫైళ్లు చూసి తీసేయాలి." ఆ అమ్మాయి చేసింది అక్షరాలా అదే. రిపోర్టులో మానవ తప్పిదం అన్న గడిలో తన పేరు రాయబోతుంటే ఆపి, రన్‌బుక్ తప్పు అని రాయించాను. జరిగింది అదే కాబట్టి.

ఇప్పుడు ఆ పేజీలో ఇలా ఉంది: "ముందు జాబ్ ఏ సిస్టమ్‌లో నడిచిందో చూసి అక్కడికి వెళ్లు. డీఎఫ్, డీయూ రెండూ కొట్టి పక్కపక్కన రాసుకో. రెండూ దగ్గరగా ఉంటే పెద్ద ఫైలు ఎవరిదో అడిగి, కాపీ తీసి, తర్వాత తీసేయి. డీఎఫ్ ఎక్కువ, డీయూ తక్కువ ఉంటే ఏ ఫైలూ ముట్టుకోకు. ఫ్యూజర్‌తో పట్టుకున్నవాళ్లెవరో చూడు, పీఎస్‌లో తేదీలు చూడు, ఓనర్‌ను లేపు." ఆ పేరా రాసింది ఆ అమ్మాయే. నేను కామాలు మార్చానంతే.

ఆర్‌సీ ఫైలులోంచి ఆ లైను తీసేశాం. నెలాఖరు సార్ట్‌లకు స్లాష్ టెంప్ మీద ఆధారం తగ్గించడానికి డిస్కు మీద ఉండే జెడ్‌ఎఫ్‌ఎస్ రకం ఫైల్ సిస్టమ్ ఒకటి వేరేగా పెట్టి, నిండితే దానంతట అదే పెరిగేలా చేశాం. పని ఫైళ్లు ఎక్కడ రాయాలో చెప్పే టీఎంపీడీఐఆర్ వేరియబుల్‌ను అటు తిప్పాం. ఇది మొదటిసారి పనిచేయలేదు, గంటన్నర తిన్నది. జాబ్‌లో వేరియబుల్స్ ఇచ్చే చోటైన ఎస్‌టీడీ ఎన్వ్‌లో విలువ ఇచ్చాం. కానీ బీపీఎక్స్‌బ్యాచ్ ఎస్‌హెచ్‌తో పిలిచినప్పుడు అది లాగిన్ షెల్‌ను నడుపుతుంది. లాగిన్ షెల్ ఈటీసీ ప్రొఫైల్‌ను చదువుతుంది. అందులో ఎవరో ఎప్పుడో అదే వేరియబుల్‌ను స్లాష్ టెంప్ అని ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచారు. మేమిచ్చినది దాని కింద పడిపోయింది. చివరికి స్క్రిప్టు లోపలే మొదటి లైనుగా పెట్టాం.

పదిహేను నిమిషాలకోసారి డీఎఫ్ చూసే చిన్న స్క్రిప్ట్ కూడా పెట్టాం. 70 శాతం దాటితే డెవ్ కన్సోల్‌కు ఒక లైను రాస్తుంది. అలా రాసింది ఆపరేటర్ కన్సోల్ మీద బీపీఎక్స్‌ఎఫ్024ఐ మెసేజ్‌గా వస్తుంది, ఆటోమేషన్ దాన్ని పట్టుకుని షిఫ్ట్ డెస్క్‌కు అలారం ఇస్తుంది. దీనిది ఏ లాగూ స్లాష్ టెంప్‌లో లేదు. రెండుసార్లు సరిచూశాను.

ఆగస్టులో ఒక రాత్రి ఆ అలారం మోగింది, 72 శాతం. నాకు ఫోన్ రాలేదు. ఉదయం 7 గంటలకు షిఫ్ట్ దిగుతూ ఆ అమ్మాయి చేసింది. "సార్, రాత్రి స్లాష్ టెంప్‌లో 320 ఎంబీ వచ్చి పడింది. డీఎఫ్, డీయూ రెండూ కలిశాయి. జావా హీప్ డంప్, ఎవరూ తెరిచి లేరు. జెడ్‌ఎఫ్‌ఎస్‌లోకి కాపీ తీసి, అప్లికేషన్ వాళ్లకు పాత్ పంపి, వాళ్లు సరేనన్నాక తీసేశాను. ఇప్పుడు 8 శాతం. క్యాబ్ వచ్చేసింది సార్, మిగతాది మెయిల్‌లో పెట్టాను."